శాక్రమెంటో ప్రజల విద్యుచ్ఛక్తి

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కాలిఫోర్నియాకు రాజధాని శాక్రమెంటో. ఆ నగరమునకును, దాని చుట్టుపట్ల గల పట్టణములకును, పల్లెలకును విద్యుచ్ఛక్తిని సరఫరా చేయునది లాభము నపేక్షించు కంపెనీ కాదు. రాష్ట్ర ప్రభుత్వపు శాఖయును కాదు. అచట నివసించు జనులే యొక మండలముగ నేర్పడి, తమ ఓట్లతో ఏడుగురు డైరెక్టరుల నెన్నుకొని, వారి మూలమున తమ దీపముల వ్యవహారమును తామే నడపుకొనుచున్నారు. ఆ సంస్థకు శాక్రమెంటో మ్యునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్టని పేరు. దాదాపు 900 చదరపు మైళ్ళ ప్రదేశమున 15 లక్షల జనమునకు అది వెలుగు నిచ్చుచున్నది. ఆ వెలుగునకు వెల యెంతయో నిర్ణయించువారు ఆ ఏడుగురే. ఆ విషయమున వారిపై ఓటరు తప్ప మఱియొక యధికారి లేడు.

వారి నిర్ణయములలో కొన్ని మిక్కిలి ఘనములు. కొన్ని మిక్కిలి నష్టకరములు. మేమీ మండలపు కథను పాఠకులకు నివేదింప దలచుట దానిని పొగడుటకు మాత్రమే కాదు. పాలకవర్గము చేసిన పొరపాటునకు పద్దు చెల్లించువారే ఆ పొరపాటును దిద్దు నధికారము గలవారైనప్పుడు వ్యవహార మెట్లు నడచునో ఈ కథవలన స్పష్టముగ తెలియుచున్నది. మన దేశమున విద్యుచ్ఛక్తి పాలనమును గుఱించి యోచించువారు గమనింపదగిన సంగతులు ఇందు పెక్కు గలవు.

1921 వ సంవత్సరమున కాలిఫోర్నియా శాసనసభ యొక చట్టము చేసినది. పట్టణములును, పట్టణములలో చేరని పల్లెలును కలిసి, ఓటరుల సమ్మతిపై ఒక మండలముగ నేర్పడి, నీరు, విద్యుచ్ఛక్తి మున్నగు సౌకర్యములను తామే సమకూర్చుకొనవచ్చునని ఆ చట్టముయొక్క తాత్పర్యము. ఓక్లండు పరిసరములవారు 1923 లో నీటికొఱకు అట్టి మండలము నేర్పఱచుకొనిరి. శాక్రమెంటోవారును అదే యేట ముందునకు వచ్చిరి. ఆ 1921 వ సంవత్సరము తెలుగువారికి మఱియొక కారణమున జ్ఞాపకముండదగినది. తాము కోరని మునిసిపాలిటీని దొరతనమువారు తమపై రుద్దగా, పన్నుల భారమునకు తాళలేక, చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు వాకిళ్ళు విడిచి, ఊరి వెలుపల రామనగరమున పాకలు వేసికొని నెలల తరబడి యెండకు వానకు నోర్చినది ఆ యేడే. ఒకచోట తమకు వలసిన స్థానిక సంస్థను ప్రజలే కట్టుకొనుటకు చట్టము. మఱియొకచోట వలదన్న సంస్థను మోసితీరవలసినదని యాజ్ఞ. రెండింటికిని పేరు స్థానిక స్వపరిపాలనమే!

చట్టము చేతికి వచ్చినంత మాత్రమున శాక్రమెంటోవారికి దీపము చేతికి రాలేదు. 1923 జూలై 2 వ తేదీన ఓటరులు అత్యధిక సంఖ్యతో మండల స్థాపనమునకు సమ్మతించిరి. కాని స్తంభములు, తీగలు, మీటరులు సమస్తమును పసిఫిక్ గాస్ అండ్ ఎలెక్ట్రిక్ కంపెనీవారివి. వారు వానిని విడుచుటకు సిద్ధముగ లేరు. మండలమునకు పాలకవర్గము గలదు, సభలు గలవు, విద్యుచ్ఛక్తి మాత్రము లేదు. వరుడు రాని పెండ్లిపందిరివలె అది సంవత్సరముల తరబడి నిలిచియుండెను. 1934 లో కంపెనీ ఆస్తిని కొనుటకై 1 కోటి 20 లక్షల డాలరుల బాండులు విడుదల చేయుటకు ఓటరులు మరల సమ్మతినిచ్చిరి. అంతట వ్యాజ్యములు ప్రారంభమైనవి. బాండులు చెల్లవని యొకటి, వెల చాలదని యొకటి, స్వాధీనము చేయనవసరము లేదని మఱియొకటి. ఆ రాష్ట్రమున అప్పుడు ఇట్టి కంపెనీలపై నధికారము గల రైలురోడ్డు కమిషనువారు ఆస్తికి వెల కట్టిరి. 1946 మార్చిలో రాష్ట్రపు సుప్రీం కోర్టు కంపెనీవారి కడపటి ప్రార్థనను త్రోసివేసినది. ఆ యేడు డిసెంబరు 31 వ తేదీన మండలము తీగలను స్వాధీనపఱచుకొని సరఫరా ప్రారంభించినది. మొదటి ఓటుకును మొదటి దీపమునకును నడుమ 23 సంవత్సరములు గడచినవి. 1923 లో ఓటు వేసిన వృద్ధులలో ఎందఱు ఆ దీపమును జూచిరో!

ఇక పాలకవర్గము పనిచేయు పద్ధతిని గుఱించి కొంత చెప్పవలసియున్నది. మండలము ఏడు వార్డులుగ విభజింపబడినది. వార్డున కొకరు చొప్పున నాలుగేండ్ల కాలమునకు డైరెక్టరు లెన్నికగుదురు. వారు జనరల్ మేనేజరును నియమింతురు. దినదిన వ్యవహార మతనిది. ఇతర కంపెనీల ఛార్జీలను రాష్ట్రపు కమిషను నిర్ణయించును. ఈ మండలపు ఛార్జీలను మాత్రము దాని పాలకవర్గమే నిర్ణయించును. ఛార్జీ పెంచవలసినచో మేనేజరు కారణములను వివరించుచు నివేదిక నొసగవలెను. దానిని ప్రజలకు ప్రకటింపవలెను. బహిరంగ విచారణలు జరుపవలెను. పిమ్మట డైరెక్టరులు ఎల్లర యెదుట చేయెత్తవలెను. 1953 లో కాలిఫోర్నియావారు చేసిన బ్రౌన్ చట్టము ననుసరించి సాధారణ సభయొక్క కార్యక్రమమును 72 గంటలు ముందుగ బహిరంగస్థలమున ప్రకటింపక తప్పదు. వచ్చినవాడెవ్వడైనను లేచి మాట్లాడవచ్చును. ఈ సభలు వినుటకు రుచికరములని మేము చెప్పజాలము. ట్రాన్సుఫారమరుల కొనుగోలు, తీగలకు తగులు చెట్టుకొమ్మల నఱకుట, కంట్రాక్టుల గడువు పొడిగించుట మున్నగు సంగతులతో గంటలు గడచిపోవును. అయినను గృహిణి నెలనెల చెల్లించు బిల్లులోని ప్రతి సెంటును ఆ విసుగు పుట్టించు సభలలోనే పుట్టినది.

తొలి దశాబ్దమున మండలము ఇతరులవద్ద విద్యుచ్ఛక్తిని కొని పంచుచుండెను. పరుల ధాన్యముతో అన్నసత్రము నడపుట యెంతకాలము సాగును? 1955 లో ఓటరులు బాండులకు సమ్మతింపగా, 1957 లో సియెర్రా నెవాడా పర్వతములలో అమెరికన్ నది యెగువ పాయలపై ఆనకట్టల నిర్మాణము ప్రారంభమైనది. యూనియన్ వ్యాలీ, ఐస్ హౌస్, లూన్ లేక్ అను జలాశయములు అట్లు వెలసినవి. మంచు కరగి వచ్చిన నీటితో పుట్టిన శక్తికి ఇంధనపు ఖర్చు లేదు. శాక్రమెంటోలో ఛార్జీలు పొరుగువారికంటె తక్కువగ నుండుటకు ఈ నిర్ణయము ముఖ్య కారణములలో నొకటి. 2014 లో ఈ జలవిద్యుత్కేంద్రములకు ఫెడరల్ ప్రభుత్వమువారు మఱి 50 ఏండ్లకు లైసెన్సు నిచ్చియున్నారు.

ఇంతవరకును కథ సుఖముగ నడచినది. పిమ్మట పాలకవర్గము చేసిన నిర్ణయము మండలమును ఇంచుమించు ముంచివేసినది.

ఆ కాలమున అమెరికాలో విద్యుచ్ఛక్తి వాడుక యేటేట పెరుగుచుండెను. అణుశక్తివలన పుట్టు విద్యుత్తు మీటరు పెట్టనక్కఱలేనంత చౌకగ నుండునని 1954 లో అమెరికా అణుశక్తి సంఘాధ్యక్షుడు లూయీ స్ట్రాస్ చెప్పిన మాట జనుల నోళ్ళలో నానుచుండెను. శాక్రమెంటో పాలకవర్గమువారును ఆ మార్గమునే త్రొక్కిరి. నగరమునకు ఆగ్నేయమున 25 మైళ్ళ దూరములో రాంచో సెకో అను చోట 1969 లో నిర్మాణము ప్రారంభించిరి. స్పానిషు భాషలో ఆ పేరునకు ఎండిన పొలమని యర్థము. 1975 ఏప్రిలులో 913 మెగావాట్ల రియాక్టరు సరఫరాకు సిద్ధమైనది. చిన్న మండలము, పెద్ద యంత్రము. కోడిగ్రుడ్లనన్నిటిని ఒక్క తట్టలో పెట్టుట యని మన రైతు సయితము సంశయించియుండును. దేశమంతట కేంద్రములు గల పెద్ద కంపెనీకి ఒక యంత్రము నిలిచిన మఱియొకటి యాదుకొనును. ఈ మండలమునకు ఆ యవకాశము లేదు. యంత్రము నిలిచిన నాడెల్ల బయట అధిక ధరకు కొనవలసినదే.

యంత్రము తఱచుగ నిలిచెను. 1978 మార్చి 20 వ తేదీన ఒక పనివాడు నియంత్రణపు గదిలో చిన్న బల్బును మార్చుచుండగా అది చేయిజారి పలకలోనికి పడినది. దానివలన కొన్ని పరికరములకు విద్యుత్తు నిలిచి, తప్పుడు సూచనలు వెలువడి, రియాక్టరు అతిశీఘ్రముగ చల్లబడినది. వేడియెక్కుటయే ప్రమాదమని సామాన్యు లనుకొందురు. ఎఱ్ఱగ కాలిన యిత్తడి పాత్రపై చన్నీరు పోసిన నేమగునో తెలిసినవారికి ఈ చల్లదనపు ప్రమాదము విశదము కాగలదు. మఱుసటి సంవత్సరము 1979 మార్చి 28 వ తేదీన పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలండులో ప్రమాదము జరిగినది. ఆ యంత్రమును, రాంచో సెకో యంత్రమును బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ అను ఒక్క కంపెనీవారి తయారే. 1985 డిసెంబరు 26 వ తేదీన రాంచో సెకోలో నియంత్రణ యంత్రాంగమునకు విద్యుత్తు నిలిచిపోయి, అర్ధగంట లోపల వేడిమి 180 ఫారెన్‌హైట్ డిగ్రీలు పడిపోయెను. వెలుపలి జనులకు హాని కలుగలేదు. కాని యంత్రము 27 నెలలపాటు మూతపడినది.

ఆ 27 నెలలు మండలమునకు పరీక్షాకాలము. మరమ్మతులకు కోట్లకొలది డాలరులు. బయటనుండి కొను విద్యుత్తునకు మఱికొన్ని కోట్లు. నాలుగేండ్ల లోపల ఛార్జీలు ఇంచుమించు రెట్టింపైనవి. 1986 ఏప్రిలులో చెర్నోబిల్ వార్త వచ్చినది. పాలకవర్గములో చీలికలు; మేనేజరులు వచ్చుచు పోవుచుండిరి. విద్యుత్తును కొనుటయో, యంత్రమును అమ్ముటయో, మండలమునే మూసి పాత కంపెనీకి అప్పగించుటయో తోచక పెద్దలు తికమకపడిరి. 23 ఏండ్లు పోరాడి గెలుచుకొన్న ఆస్తి పాతవారి చేతికే మరల పోవునేమోయను భయ మప్పుడు వట్టి భయము కాదు.

ఇట్టి సమయమున ఓటరులు ముందునకు వచ్చిరి. తగిన సంఖ్యలో సంతకములు సేకరించినచో ఒక ప్రశ్నను ప్రజల యోటునకు పెట్టించుట ఆ రాష్ట్రమున సాధ్యము. 1988 జూన్‌లో, యంత్రమును వెంటనే మూయవలెనను ప్రతిపాదనము స్వల్పమైన తేడాతో నోడిపోయినది. పాలకవర్గము కోరిన 18 నెలల పరీక్షాకాలము స్వల్పమైన తేడాతో గెలిచినది. ప్రజలు యంత్రమునకు మఱియొక యవకాశ మిచ్చిరనవచ్చును. యంత్రము దానిని వినియోగించుకొనలేదు. నిలుచుట, నడచుట, మరల నిలుచుట మానలేదు. 1989 జూన్ 6 వ తేదీన ప్రశ్న మరల ఓటునకు వచ్చినది. యంత్రము నడపవలెనను పక్షమువారు ప్రచారమున కధికముగ వ్యయపఱచిరి. అయినను నూటికి 53 మందికి పైగా వలదనిరి. మఱునాడు, జూన్ 7 వ తేదీన, రియాక్టరును నిలిపివేసిరి. నడచుచున్న అణుశక్తి కేంద్రమును ప్రజలు ఓటువేసి మూయించుట ప్రపంచమున అదియే మొదటిసారి.

ఈ నిర్ణయమును గుఱించి యిప్పటికిని వాదములు గలవు. అణుశక్తి బొగ్గుపొగ నీయదు. నేటి వాతావరణ పరిస్థితులలో అట్టి కేంద్రమును మూయుట తగునా యని యడుగువారు గలరు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. కాని 1989 లో శాక్రమెంటో గృహస్థుడు అణుశాస్త్రము మంచిదా చెడ్డదా యని తీర్పు చెప్పలేదని మా యభిప్రాయము. తన జీవితకాలమంతటిలో తన శక్తిలో నూటికి 40 వంతుల చుట్టుమాత్రమే పనిచేసిన ఆ యొక్క యంత్రమునకు ఇంకను తన జేబునుండి చెల్లించుచుండవలెనా యని మాత్రమే యతడు ప్రశ్నించుకొనెను. ఆ ప్రశ్నకు ఉత్తర మిచ్చుటకు అతనికంటె తగినవాడు లేడు, పద్దు అతనిది. శాస్త్రజ్ఞులు, మేనేజరులు, డైరెక్టరులు కూర్చుండి తేల్చలేని దానిని నెలనెల బిల్లు చెల్లించు జనులు ఒక్కదినమున తేల్చిరి. పాలకవర్గము వారి మాటను శిరసావహించినది.

మూయుట సులభము, మూసిన పిదప దీపము వెలిగించుట యెట్లు? 1990 లో ఎస్. డేవిడ్ ఫ్రీమన్ అనువారిని జనరల్ మేనేజరుగ పాలకవర్గము నియమించినది. ఆయన పూర్వము టెన్నెసీ వ్యాలీ అథారిటీకి అధ్యక్షుడుగ పనిచేసినవాడు. పెద్ద యంత్రములను జూచి విసిగినవాడు కాబోలు, మఱియొక పెద్ద యంత్రమునకు బదులు వాడుకను తగ్గించుటయే క్రొత్త కేంద్రమని ఆయన వాదించెను. విద్యుత్తును మ్రింగు పాత రిఫ్రిజిరేటరులను మండలమే డబ్బిచ్చి యిండ్లనుండి తరలించుకొనిపోయినది. ఇండ్లకు పడమటి యెండ తగులకుండునట్లు చెట్లు నాటించుటకు స్థానిక వృక్షసంరక్షణ సంస్థతో కలిసి పూనుకొన్నది. ఇప్పటికి 5 లక్షలకు మించి మొక్కలు నాటబడినవి. ఇంటిముందు వేపచెట్టు నీడ విలువ తెలిసిన తెలుగువారికి ఇది క్రొత్త శాస్త్రము కాదు. విద్యుత్తు నమ్ముకొని బ్రతుకు సంస్థ దానిని తక్కువగ వాడుడని బ్రతిమాలుటయే వింత. లాభములు పంచుకొను వాటాదారు లుండిన ఆ నిర్ణయమునకు ఒప్పుకొందురా? ఇచట వాటాదారును, వాడుకదారును ఒక్కడే.

2000, 2001 సంవత్సరములలో కాలిఫోర్నియాయందు విద్యుద్విపణి తలక్రిందులైనది. టోకు ధరలు ఆకాశమునంటినవి. వంతులవారీగ దీపము లార్పవలసివచ్చినది. 2001 ఏప్రిలులో పసిఫిక్ గాస్ కంపెనీ దివాలా పిటీషను వేసినది. మండలమును ఆ యెండదెబ్బను తప్పించుకొనలేదు; ఆ యేడు ఛార్జీలు పెంచవలసివచ్చినది. కాని మునిగిపోలేదు. ఈ పేరు నింకను పెంచుకొన దలచి కాబోలు, పొరుగున నున్న యోలో కౌంటీలోని డేవిస్, వుడ్‌లండ్, వెస్ట్ శాక్రమెంటో పట్టణములను మండలమున చేర్చుకొనుటకు పాలకవర్గము సంకల్పించెను. 2006 నవంబరులో ఓటు జరిగినది. కంపెనీవారు దానిని తీవ్రముగ ప్రతిఘటించిరి. శాక్రమెంటో ఓటరులే తమ పాలకవర్గపు ప్రతిపాదనమును త్రోసివేసిరి. పరుల మేలుకొఱకు తమ బిల్లు పెరుగునేమోయని వారి సందేహము. ఇది విశాల హృదయముగల తీర్పని మేమనము. తమ పోరాటముతో సంపాదించిన సౌఖ్యమును పొరుగువారు కోరినప్పుడు, తాము నడచివచ్చిన త్రోవను మఱచుట మానవులకు సహజము.

ఇటీవలి నిర్ణయములలో మిక్కిలి చర్చకు పాత్రమైనది సూర్యశక్తిని గుఱించినది. ఇంటికప్పుపై సోలార్ పలకలు పెట్టుకొన్నవారు తమ వాడుకకు మించిన విద్యుత్తును తీగలలోనికి పంపినచో, మండలము దానికి చిల్లర ధరతో సమానమైన విలువను బిల్లులో తగ్గించుచుండెను. పలకలు లేనివారిపై దీనివలన భారము పడుచున్నదని అధికారుల లెక్క. స్తంభములకును తీగలకును అగు ఖర్చు తగ్గదు. దానిని పంచుకొనువారు తగ్గుదురు. పలకలు పెట్టుకొనగల కలవారి మేలునకు అద్దె యిండ్లలోని పేదలు చెల్లింతురని వారి వాదము. 2019 లో ఇట్టివారిపై క్రొత్త రుసుము విధింపదలచి, ప్రతిఘటన రాగా విరమించుకొనిరి. 2021 సెప్టెంబరులో పాలకవర్గము మఱియొక పద్ధతిని అంగీకరించెను. దాని ప్రకారము 2022 మార్చినుండి క్రొత్తగ పలకలు పెట్టుకొనువారికి తీగలలోనికి పంపిన యూనిట్టుకు 7.4 సెంటులు మాత్రమే లభించునట్లు నిర్ణయించిరి. పాతవారికి 2030 వఱకు పాత పద్ధతియే.

పేదవానిపేరు చెప్పి చేసిన ప్రతి నిర్ణయమును ఒకటికి రెండుమారులు పరిశీలించుట మాకు అలవాటు. ఈ లెక్కలో న్యాయము లేకపోలేదు. పలకలు పెట్టుకొనుటకు సొంత యిల్లును, చేతిలో సొమ్మును ఉండవలెను. కాని విద్యుత్తును పుట్టించి యమ్ము మండలమే, తన వాడుకదారు తన యింటికప్పుపై పుట్టించిన విద్యుత్తునకు వెల కట్టుచున్నది. వాదియు, న్యాయాధిపతియు ఒక్కరే. కమిషను పైన లేదు. ఓటరు మాత్ర మున్నాడు. అతడు నాలుగేండ్లకు ఒకమారు వచ్చును. వచ్చినప్పుడు అతని ముందఱ ఈ యొక్క విషయమే యుండదు. సొంతముగ ఛార్జీ నిర్ణయించుకొను స్వాతంత్ర్యమున గల ప్రమాద మిది. శాక్రమెంటోవారు దాని నింకను పరిష్కరించుకొనలేదు.

ఆ పాలకవర్గమే 2020 జూలైలో వాతావరణ విషయమున అత్యవసర పరిస్థితిని ప్రకటించి, 2030 నాటికి తమ విద్యుదుత్పత్తినుండి కర్బనవాయువును పూర్తిగ తొలగింతుమని ప్రతిజ్ఞ చేసినది. 2021 ఏప్రిలులో దానికి ప్రణాళికను ఆమోదించినది. ఛార్జీల పెంపును సాధారణపు ధరల పెంపునకు మించనీయమనియు మాట యిచ్చినది. ఇంత తక్కువ గడువు పెట్టుకొన్న సంస్థలు ఆ దేశమున అరుదు. ఇప్పటికిని పొరుగున కంపెనీవారు వసూలు చేయు ఛార్జీలలో ఇంచుమించు సగముతోనే ఆ మండలము పని నడపుకొనుచున్నది. రెండు ప్రతిజ్ఞలును ఏకకాలమున నెఱవేరునో, ఒకదానికై యింకొకటి విడువవలసివచ్చునో ఆ యేడుగురు బహిరంగసభలో చెప్పవలసిన దినము దూరమున లేదు.

ఇక మన సంగతి. 1910 నాటి ఇండియన్ ఎలెక్ట్రిసిటీ చట్టమున, లైసెన్సుగడువు ముగిసినపుడు స్థానిక సంస్థవారు సరఫరా కంపెనీని కొనవచ్చునను షరతు ఉండెను. విత్తనము మన చట్టమునందును లేకపోలేదన్నమాట. కాని 1948 లో వచ్చిన చట్టము ఆ పనిని రాష్ట్రముల బోర్డులకు అప్పగించినది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు 1959 లో నేర్పడినది. తీగలను పల్లెపల్లెకు చేర్చిన మేలు దానిది, కాదనుట కృతఘ్నత. కాని దాని సభ్యులను నియమించునది ప్రభుత్వము. వాడుకదారున కందు వేలు పెట్టుటకు చోటు లేదు. 1999 లో ఆ బోర్డును విభజించి, ఛార్జీల నిర్ణయమును క్రొత్త కమిషనున కప్పగించిరి. మఱుసటి యేడు ఛార్జీలు పెరిగినవి. 2000 ఆగస్టు 28 వ తేదీన హైదరాబాదులో బషీర్‌బాగ్ వద్ద నిరసనకారులపై పోలీసులు కాల్పులు జరుపగా ముగ్గురు మరణించిరి. శాక్రమెంటోలో 1989 లో గృహస్థులు ఓటుపెట్టె కడకు తీసికొనిపోయిన ప్రశ్నను, అట్టి పెట్టె లేని మన జనులు వీథిలోనికి తీసికొనిపోవలసివచ్చినది. 2004 లో ఎన్నికైన ప్రభుత్వము రైతులకు ఉచిత విద్యుత్తు నొసగెను. అదియు ఓటుతో వచ్చినదే. కాని శాసనసభ యోటుతో వచ్చినది. పద్దు వేయునదొకరు, చెల్లించునది మఱియొకరు.

కమిషనువారు బహిరంగ విచారణలు జరుపుచున్నారు. రైతుసంఘములవారు, కర్మాగారములవారు, లెక్కలు చదువగల ఓపిక గల పౌరులు అచట తమ యాక్షేపణలను చెప్పుకొనుచున్నారు. ఇది తక్కువ సంగతి కాదు.

మన దేశమున ఎన్నికైన పాలకవర్గము గల విద్యుత్సంస్థ లేనేలేదని పాఠకులు తలపవలదు. తెలంగాణములో సిరిసిల్లయందు 1970 లో సహకార విద్యుత్ సరఫరా సంఘ మేర్పడినది. గ్రామీణ విద్యుదీకరణ సంస్థవారు దేశమున పరీక్షార్థము తొలుత స్థాపించిన అయిదు సంఘములలో నది యొకటి; అమెరికాలోని గ్రామీణ విద్యుత్సహకార సంఘములవారు ఈ ప్రయత్నమునకు తోడ్పడిరి. మరమగ్గముల చప్పుడుతో నిండిన ఆ ప్రాంతమునకు విద్యుత్తనగా అన్నమే. సభ్యులే డైరెక్టరులను ఎన్నుకొందురు. 2022 డిసెంబరులో జరిగిన ఎన్నికలలో 15 స్థానములకు రాజకీయ పక్షములు శాసనసభ ఎన్నికలవలె పోరాడినవి. కాని సంఘము విద్యుత్తును పంపిణీ కంపెనీవద్ద కొని పంచవలసినదే. వాడుకదారుడు చెల్లించు ఛార్జీని నిర్ణయించునది కమిషనే. ఓటు సభ్యునిది, వెల వేఱొకరిది. అందుచేత ఆ యెన్నికలలో పక్షముల జెండాలు కనబడినంతగ బిల్లులోని యంకెలు కనబడకుండుటలో వింత లేదు. ఆ సంఘపు పాలకవర్గమునకు నిజమైన నిర్ణయము లొసగినచో జెండాలు వెనుకబడి యంకెలు ముందునకు రావచ్చునని మేము తలచుచున్నాము. ఈ ప్రయోగము చేసి చూచుటకు సిరిసిల్లకంటె తగిన చోటు తెలుగునాట లేదు.

శాక్రమెంటోయందును అంతయు సవ్యముగ నున్నదని చెప్పజాలము. డైరెక్టరుల యెన్నిక ఒక్కొకప్పుడు దేశాధ్యక్షుని యెన్నిక జరుగు దినముననే జరుగును. ఆ పొడుగాటి ఓటుకాగితముపై ఈ పేర్లెక్కడనో యడుగున నుండును. సభలకు వచ్చువారు ఛార్జీలు పెరుగునప్పుడు నిండుగ నుందురు. తక్కిన దినములలో కుర్చీలే వినుచుండును. రాంచో సెకోను నిర్మింపవలెనని పూర్వపు డైరెక్టరులు చేయెత్తిన నాడు ఎందఱు లేచి ప్రశ్నించిరో!

ఆ కేంద్రము మూతపడి 3 దశాబ్దములు దాటినది. యంత్రభాగములను విప్పి తొలగించుట 2009 నాటికి ముగిసినది. చుట్టుపట్ల చెరువున జనులు పడవలు నడపుచున్నారు, చేపలు పట్టుకొనుచున్నారు. పొలమున సోలార్ పలకలు గలవు. 425 అడుగుల యెత్తు గల రెండు గోపురములు పొగలేక నిలిచియున్నవి. వాని దాపున కాంక్రీటు గూళ్ళలో, 21 ఉక్కు డబ్బాలలో, వాడిన యిందనపు కట్టలు 493 భద్రపఱుపబడియున్నవి. 1998 జనవరి 31 వ తేదీనాటికి వానిని తీసికొనిపోవుట ప్రారంభింతుమని ఫెడరల్ ప్రభుత్వము మాట యిచ్చినది. తీసికొనిపోవుటకు చోటు దొరకలేదు. కాపలావారు రాత్రింబవళ్ళు అచటనే యున్నారు. 1989 లో ఓటు వేసినవారి మనుమలు నేడు మండలమున వాడుకదారులు. వారెన్నుకొన్న ఏడుగురును ఆ కాపలా ఖర్చును ఏటేట పద్దున వ్రాయుచున్నారు, దానికై ఫెడరల్ ప్రభుత్వముతో వ్యాజ్యములు నడపుచున్నారు.